మిశ్రభాషలో ఆంగ్లపాలన: పామూరు సీమ రెవిన్యూ మాటలను గూర్చి

ఆంగ్లపాలన తెలుగుభాషపై చూపిన ప్రభావమును విచారించినవారు సామాన్యముగా ఒక మార్గమునే అనుసరించుచున్నారు. తెలుగున చేరిన ఆంగ్లపదములను ఏరి, రైలు, స్కూలు, కోర్టు, పోస్టు మున్నగువానిని జాబితాగా కూర్చి, ఏ రంగమున ఎక్కువ మాటలున్నవో ఆ రంగమున ఆ పాలన ఎక్కువగా పాతుకొన్నదని తేల్చుట ఆ మార్గము. అదే త్రాసున పారసీక పదములను కూడ తూచి, అవి మహమ్మదీయ ప్రభుత్వముల నాటి అవశేషములని వేరొక ప్రకరణమున చేర్చుట పరిపాటి. ఈ పద్ధతి కొన్నిచోట్ల పనికివచ్చునేమో కాని, కుంపిణీ పాలనకు ప్రాణాధారమైన భూమిశిస్తు విషయమున తలక్రిందులైన ఫలితము నిచ్చుచున్నదని మా అభిప్రాయము. ఏ రంగమున ఆంగ్లేయుల చేయి రైతు గాదెదాక చొచ్చినదో ఆ రంగముననే ఆంగ్లపదములు మిక్కిలి తక్కువ. ఈ వైపరీత్యమునకు కారణమేమి, దీనిని గమనింపకపోవుటచే మన పరిశోధనలో ఏ పొరపాట్లు పుట్టుచున్నవి అను రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున విమర్శింప దలచితిమి.

విషయము గాలిలో తేలిపోకుండుటకై ఒక సీమను ఉదాహరణముగా గ్రహించుచున్నాము. పామూరు పూర్వము నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పేరు వచ్చినది. పామూరునకు పడమట వెలిగొండలు. ఆ కొండల కావల నున్న గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు 1800వ సంవత్సరము అక్టోబరులో నిజాము కుంపిణీకి దత్తము చేసిన సీమలోనివి. అవి మొదట కడప జిల్లాలో నుండి 1858లో కర్నూలు జిల్లాకు మారినవి. కొండల కీవల నున్న నెల్లూరు సీమ 1801 జూలైలో కర్ణాటక నవాబుతో జరిగిన సంధివలన కుంపిణీ వశమైనది. ఇక ఈశాన్యమున పొదిలి, దర్శి భాగములు వేంకటగిరి జమీందారీలోనివి. వానికి 1802లో శాశ్వత పైసలా జరిగినది. కనిగిరి సర్కారు తాలూకా. అనగా రెండు మూడు దినముల నడకలో, నిజామునుండి వచ్చిన నేల, నవాబునుండి వచ్చిన నేల, జమీందారు చేతి నేల అను మూడు చరిత్రలు ఒకదానినొకటి ఒరసికొని యుండెను. పన్ను వేయు విధములు వేరు, పుచ్చుకొను చేతులు వేరు. అయినను మూడుచోట్లను కరణము లెక్కలలో వాడిన మాటలు దాదాపు ఒక్కటియే. మాటలు ఒక్కటియై అర్థములు వేరైన ఇట్టి చోటనే మన ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

మొదట ఆ మాటల పొరలను చూతము. మెట్ట, మాగాణి, కయ్య, కుంట, పన్ను, కోరు మున్నగునవి అచ్చపు తెనుగు పలుకులు. ఇవి నేలకును పంటకును సంబంధించినవి. అగ్రహారము, మాన్యము, శ్రోత్రియము, కరణము అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. ఇవి హక్కులకును వృత్తులకును సంబంధించినవి. జమాబందీ, కిస్తు, వసూలు, బాకీ, జప్తు, ఇనాము, తహశీలుదారు అనునవి అరబీ పారసీకములనుండి, పెక్కు మారులు మహారాష్ట్రపు లేఖకుల చేతిమీదుగా, వచ్చినవి. ఇవి అధికారమునకు సంబంధించినవి. తీర్వ, అడంగలు, తరము అనువానిలో చెన్నపట్టణపు కచ్చేరీలనుండి వ్యాపించిన అరవపు జాడ కలదు. వీని నడుమ ఆంగ్లపదము లెన్ని? కలెక్టరు, సర్వే, బోర్డు, సెటిల్‌మెంటు, మరికొన్ని. అవియు పై అధికారికిని ఆయన చేయించు పనికిని పేర్లే కాని, రైతు చేతికి వచ్చు కాగితమునకు గాని, రైతు చేతినుండి పోవు ధాన్యమునకు గాని పేర్లు కావు.

దీనిని బట్టి ఆంగ్లపాలన పైపైన తేలిపోయినదని తలచుట తగునా? తగదు. కుంపిణీవారు నూతన పదములను తేలేదు. ఉన్న పదములనే పట్టుకొని వాని లోపలి అర్థమును మార్చిరి. ఈ మార్పును మాటల పట్టికలు చూపజాలవు. మాట పుట్టుకను చెప్పు నిఘంటువు కూడ చూపజాలదు. అర్థమునకు కాలమును నిర్ణయించిననే అది కనబడును. కొన్ని ఉదాహరణములను పరిశీలింతము.

ఫసలీ అనునది మొగలాయి ప్రభుత్వము పంటకాలము ననుసరించి ఏర్పరచిన సంవత్సరము. చెన్నపట్టణపు రాజధానిలో కుంపిణీ దానిని తొలగింపలేదు. క్రీస్తుశకములోనుండి 590 తీసివేసిన వచ్చు అంకెతో లెక్కలు వ్రాయించినది. అయితే ఏటి ఆరంభమును మాత్రము తన వీలుకొలది స్థిరపరచినది: మొదట జూలై 12, 1855నుండి జూలై 1. పేరు మొగలాయిది, తేదీ ఆంగ్లేయులది. కరణము కవిలెలో ఫసలీ అని కనబడినంత మాత్రమున అది పాతపద్ధతికి నిదర్శనమని వ్రాయు పరిశోధకుడు ఇచ్చట మోసపోవును.

జమాబందీ యనగా మొదట ఒక గ్రామమునుండియో పరగణానుండియో రావలసిన మొత్తమును నిర్ణయించుట. రైత్వారీ పద్ధతిలో అదే మాట, కలెక్టరు ఏటేట ఒక్కొక్క రైతు పేర లెక్కను పరిష్కరించు కార్యమునకు పేరైనది. ఊరితో జరిగిన బేరము వ్యక్తితో జరుగు లెక్కగా మారినది. గ్రామము, రైతు, ప్రభుత్వము అను మువ్వురి సంబంధములో ఇంతకంటె పెద్ద మార్పు లేదు. దానిని తెలుపుటకు మాత్రము క్రొత్త మాట ఒక్కటియు పుట్టలేదు.

పట్టా అను మాటను చూడుడు. 1802వ సంవత్సరపు 30వ రెగ్యులేషను జమీందారు తన రైతునకు పట్టా ఇచ్చి తీరవలెనని విధించినది. కావున పొదిలి రైతు చేతిలో పట్టా యనగా జమీందారుతోడి కౌలు షరతుల కాగితము. కనిగిరి తాలూకా రైతు చేతిలో అది ప్రభుత్వమునకు తాను చెల్లింపవలసిన శిస్తు పత్రము. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చిన పిదప రెండును కలిసిపోయినవి. 1971లో పట్టాదారు పాసుపుస్తకముల చట్టము వచ్చునప్పటికి పట్టా యనగా భూమి నాదే అను హక్కునకు సంకేతమైనది. బాధ్యతను తెలిపిన మాట హక్కును తెలుపు మాటగా మారినది. నేటి అర్థముతో నాటి పట్టాను చదివినచో, శిస్తు భారమును మోయు రైతు ఆస్తిపరుడుగా కనబడును.

వీనికంటె బాధాకరమైనది రాజీనామా కథ. రాజీ యనగా సమ్మతి. నామా యనగా పత్రము. రైత్వారీ పద్ధతిలో భూమిని వదలుకొను రైతు వ్రాసియిచ్చు కాగితమునకు ఈ పేరు వచ్చినది. దీనికి జంట దరఖాస్తు. దరఖాస్తు యనగా మనవి. కాని చెన్నపట్టణపు రెవిన్యూ వ్యవహారమున, బంజరుభూమిని సాగునకిమ్మని పెట్టుకొను అర్జీకే అది ప్రత్యేకమైన పేరు. ఈ రెండు మాటల వెనుక ఒక సిద్ధాంతము కలదు. 1800నుండి 1807వరకు దత్తసీమలకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో 1807 ఆగస్టులో పంపిన నివేదికలో, రైతు ఏటి చివర తన భూమిలో కొంత వదలుకొనుటకు గాని మరికొంత చేర్చుకొనుటకు గాని స్వేచ్ఛ కలిగియుండవలెనని సూచించెను. అయితే వదలినను చేర్చినను మంచినేలను చెడ్డనేలను పాలు ప్రకారము కలిపియే చేయవలెనని షరతు పెట్టెను. ప్రభుత్వము గైకొనుచున్న భాగము మొత్తపు పంటలో నూటికి 45 వంతుల ప్రాంతమున నున్నదని ఎంచి, భూములన్నింటిపై శిస్తును నూటికి 25 వంతులును, బావులక్రింద చెరువులక్రింద భూములకు మరి 8 వంతులును తగ్గింపవలెనని ఆ నివేదికలోనే కోరెను. ఆ తగ్గింపు వెంటనే రాలేదు. ముందు మూడేండ్ల, తరువాత పదియేండ్ల గ్రామకౌళ్లు వచ్చినవి. మన్రో 1820లో గవర్నరుగా వచ్చినతరువాత గాని రైత్వారీ నిలదొక్కుకొనలేదు.

స్వేచ్ఛయు తగ్గింపును కలిసియుండిననే ఆ సిద్ధాంతమున న్యాయముండును. శిస్తు తగ్గని చోట వదలుకొను స్వేచ్ఛకు అర్థమేమి? వానలేని ఏట, చెరువు నిండని మెట్టసీమలో, రైతు భూమిని వదలిపోవుట స్వేచ్ఛ కాదు, గతిలేమి. కాని కచ్చేరీలో చేరిన కాగితము పేరు మాత్రము సమ్మతిపత్రము. రైతు రాజీనామా ఇచ్చెనని లెక్కలలో చదువునపుడు, ఆ వాక్యమున ఎవరు ఎవరిని బలవంతపెట్టిరో కనబడదు. నేటి తెలుగున రాజీనామా యనగా పదవీత్యాగము. కావున నేటి పాఠకునకు ఆ మాటలో ఒక విధమగు గౌరవము కూడ ధ్వనించును. నాటి అర్థమును, నాటి అర్థము వెనుక దాగిన అవస్థను తెలియని విద్యార్థి రెండింతలు మోసపోవుచున్నాడు.

మాన్యము, ఇనాము అను జంటయు ఇట్టిదే. శాసనములలో మాన్యము అను మాటకు మన్నన ఆధారము: దేవాలయమునకో, వైద్యునకో, ఊరికి పనిచేయువానికో మన్ననగా ఇచ్చినది. ఇనాము యనగా ఏలినవారి అనుగ్రహముగా వచ్చినది. కుంపిణీకి ముందే ఈ రెండు మాటలు ఒకదానికొకటి పర్యాయములుగా వాడబడినవనుట నిజము. కాని 1858లో ఇనాము కమీషను ఏర్పడి గ్రామగ్రామమున హక్కులను విచారించి, జోడి అను తగ్గింపు శిస్తు విధించి, పట్టాల నిచ్చినపుడు, ఆ విచారణ సాగినది ఇనాము అను మాట పేరనే. అనుగ్రహమైనచో దానిని విచారింపవచ్చును, కొలువవచ్చును, వెలకట్టవచ్చును. మన్నన అని వ్రాసియుండినచో ఆ ప్రశ్నలే వేరుగా నుండెడివి. పేరును ఎంచుకొనుటలోనే తీర్పులో సగము జరిగిపోయినదని మాకు తోచుచున్నది.

ఇక నిఘంటువులకు వత్తము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు వారికి చేసిన మేలు ఎన్నివిధముల పొగడినను తీరదు. కడపలో పనిచేసినవాడు గనుక దత్తసీమల కచ్చేరీ భాష ఆయనకు పుస్తకములనుండి కాక చెవులనుండి వచ్చినది. ఆయన 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి, వ్యవహారమున వాడు అన్యదేశ్యములను మాత్రము వేరుచేసి 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. మరుసటి యేట విల్సను పండితుని రెవిన్యూ న్యాయ పదకోశము లండనున వెలువడినది. ఈ గ్రంథములు లేకున్నచో మనము ఇప్పుడు చెప్పుచున్న మాటలలో సగము తెలిసెడివి కావు. అయినను బ్రౌను చేసిన విభజనను విమర్శింపక తప్పదు. కవుల భాష ఒక సంపుటమునకు, కచ్చేరీ భాష మరియొక సంపుటమునకు పోయినది. తరువాతి తెలుగు నిఘంటుకారులు మొదటి దానిని వారసత్వముగా గైకొని రెండవ దానిని గుమాస్తాల వస్తువుగా విడిచిరి. 1885లో వచ్చిన శబ్దరత్నాకరము కావ్యభాషకే ప్రధానముగా ఉద్దేశింపబడినది. తత్ఫలితముగా, తెలుగు శాఖలలో శిక్షణ పొందిన విద్యార్థి పోతన పదమునకు అర్థము చెప్పగలడు గాని తన తాతకు వచ్చిన పట్టాను చదువలేడు.

ఈ విభజన భాషాస్వభావమునకు విరుద్ధమనుటకు మన సాహిత్యమే సాక్షి. అచ్చతెనుగున కావ్యము వ్రాసిన పొన్నగంటి తెలగన తన యయాతి చరిత్రను అంకితమిచ్చినది గోలకొండ ప్రభుత్వపు అధికారియైన అమీను ఖానునకు. శుద్ధభాషయు మిశ్రభాషయు ఒకే వసారాలో కూర్చుండినవి. వేరు గదులలో పెట్టినది నిఘంటువులే.

అయితే మాట బరువు బ్రౌనునకు తెలియదని ఎవ్వరును అనజాలరు. 1832-33లో నందననామ సంవత్సరమున గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చినది. అప్పుడు ప్రభుత్వమునకు వ్రాసిన జాబులలో, పై అధికారులకు రుచించు ఎద్దడి అను అర్థముగల మెత్తని ఆంగ్లపదమును వదలి, కరువు అను పదమునే బ్రౌను వాడెనని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. ఎద్దడి యన్నచో శిస్తు వసూలు సాగవచ్చును. కరువన్నచో శిస్తు వదలవలెను, గంజి పోయవలెను. ఒక్క మాటపై ఇంత ఖర్చు ఆధారపడియుండెను. మనము చేయుచున్న వాదమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము బ్రౌను ఇచ్చియుండలేడు. ప్రజలు తమ కరువులకు నందన కరువు, డొక్కల కరువు, 1876లో ఆరంభమైన దానికి ధాతు కరువు అని పేర్లు పెట్టుకొనిరి. ఆ పేర్లలో సంవత్సరమో, శరీరమో కలదు. కచ్చేరీ పెట్టిన పేర్లలో అంకెలు కలవు.

మాట పంచియిచ్చునది అర్థమును మాత్రమే కాదు, తప్పును కూడ. చెన్నపట్టణపు ప్రభుత్వము నియమించిన హింసా విచారణ సంఘము 1855లో, శిస్తు వసూలునకై రైతులను హింసించుట నిజమేనని ఒప్పుకొనినది. వ్రేళ్లను నొక్కు కిట్టి మొదలైన వాని పేర్లు ఆ నివేదికలో దేశభాషలలోనే ఉన్నవి. నివేదిక ఆంగ్లమున, హింస పేరు దేశభాషలో. దీనిని లండనున చదివిన పాఠకునకు ఈ క్రౌర్యము దేశీయుల పాత ఆచారముగా, ఆంగ్లేయ అధికారి దానికి వెలుపలివాడుగా తోచుట సహజము. సంఘమువారును దేశీయోద్యోగులపైననే ప్రధానముగా దోషము మోపిరి. తహశీలుదారు బంట్రోతు చేతిలోని కిట్టి దేశీయమే కావచ్చును. కాని దానితో పిండిన కిస్తు ఎవరి ఖజానాకు చేరినది? మాట పుట్టుకను బట్టి బాధ్యతను నిర్ణయించు పద్ధతి ఎంత ప్రమాదకరమో ఇచ్చట స్పష్టమగుచున్నది. అన్యదేశ్యములను లెక్కించు మన పట్టికలు తెలియకయే ఆ పద్ధతిని అనుసరించుచున్నవి: పారసీక పదమైనచో నవాబు తప్పు, ఆంగ్లపదమైనచో కుంపిణీ తప్పు.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: ఈ మాటలు కుంపిణీకి ముందే యుండగా, వానిని వాడుకొనుటలో ఆంగ్లేయుల ప్రత్యేకత యేమి? మాట ముందునుండి యున్నదనుట నిజమే. అందువలననే అర్థమునకు కాలనిర్ణయము కావలెనని మేము చెప్పుచున్నాము. నవాబు అమల్దారు సయితము రైతును పిండెను. దానిని మేము కప్పిపుచ్చుట లేదు. కాని ఊరి మొత్తముపై బేరమాడు ప్రభుత్వము వేరు, ప్రతి చేనిని కొలిచి ప్రతి రైతు పేరను ఏటేట లెక్కకట్టు ప్రభుత్వము వేరు.

రెండవది మరింత గట్టిది. ఫ్రికెన్‌బర్గు 1965లో ప్రకటించిన గుంటూరు జిల్లా చరిత్రలో, 1788 మొదలు 1848వరకు కలెక్టరు పేరుకే అధికారియనియు, కచ్చేరీలోని దేశస్థ బ్రాహ్మణ ఉద్యోగులును గ్రామపు పెద్దలును ఆయన కనులుగప్పి నిజమైన అధికారమును నడిపిరనియు నిరూపింప జూచెను. అట్లైనచో మాటలు మారకపోవుటకు కారణము ఆంగ్లేయుల నేర్పు కాదు, వారి అశక్తత. ఈ వాదమున చాల సత్యము కలదు. దీనికి ఎదురుగా కోన్ పండితుడు 1985లో, ఆంగ్లేయులు దేశభాషలను నేర్చుట ఆజ్ఞాపించుటకే అని వాదించెను. మాకు ఈ రెండును సగము సగముగా తోచుచున్నవి. కోన్ బల్ల పైభాగమును చూచెను. ఫ్రికెన్‌బర్గు బల్ల క్రింద చేతులు మారిన దానిని చూచెను. బల్లపైనున్న కాగితమును, దానిలోని మాటను ఇరువురును కావలసినంత చూడలేదు. పై అధికారి ఒక అర్థముతో సంతకము చేయును. కరణము మరొక అర్థముతో వ్రాయును. రైతు మూడవ అర్థముతో వ్రేలిముద్ర వేయును. మాట మాత్రము ఒక్కటి. ఆ ఒక్క మాటలో మూడు అర్థములు ఇముడుటవల్లనే ఆ పాలన సాగినది. ఆంగ్లపదములను రుద్దినచో ఇది సాధ్యమయ్యెడిది కాదు.

కాగా పరిశోధక విద్యార్థులకు మేము చేయు మనవి ఇది. కైఫియ్యత్తు గాని, ఇనాము కాగితము గాని, జమాబందీ లెక్క గాని చేతికి వచ్చినపుడు, ఈ మాట ఏ భాషనుండి వచ్చినదని అడిగి అంతటితో ఆగవలదు. ఈ ఏట, ఈ తాలూకాలో, ఇది ఎవరి నోట ఏ అర్థమున నిలిచినదని అడుగవలెను. పొదిలి పట్టాను కనిగిరి పట్టాతో కలుపరాదు. నేటి రాజీనామాను నాటి దానిపై ఆరోపింపరాదు. కైఫియ్యత్తును వ్రాసినవాడు కరణము. ఊరిలో వ్రాయలేని వారి మాట ఆయన కలమునుండియే మనకు వచ్చుచున్నదని, ఆయన మాన్యపు హక్కు కూడ ఆ కాగితముపైననే ఆధారపడియుండెనని మరువరాదు.

ఈ పనికి కాలము మించిపోవుచున్నది. 1984లో కరణముల పదవులు రద్దైనవి. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చినవి, పామూరును మండలమైనది. అడంగలు నేడు యంత్రములో చూడవలసిన పుట. కవిలెకట్టలను విప్పి ఈ మాట మా నాయనగారు ఈ అర్థమున వాడెడివారని చెప్పగలవారు ఊరికొకరైనను మిగులుట అరుదు. శాసనముల భాషకు చేసినంత సేవను కచ్చేరీ భాషకు మన తెలుగు శాఖలు చేసియుండలేదు. ప్రతి మాటకు సీమను, సంవత్సరమును, వాడిన వానిని చూపుచు ఒక చారిత్రక రెవిన్యూ పదకోశమును సిద్ధపరచుట మన శాఖలకు తగిన కార్యము. అది చరిత్రకారుల పని అని మనము, భాషావేత్తల పని అని వారు ఒకరిమీద నొకరు త్రోసికొనుచున్నంత కాలము, పామూరు సీమలో భూమి విడిచి కొండదాటిపోయిన రైతు మన గ్రంథములలో సమ్మతితో పోయినవాడుగనే మిగిలియుండును.